అన్నం పక్కన ఏముంది?

"మా వాడు బడిలో కడుపునిండా తింటున్నాడు సార్. ఇంటికొచ్చాక ఆకలని కూడా అనడు. మరి ఒళ్లెందుకు పట్టడం లేదు?" అడ్డగుట్ట, వారాసిగూడ, లాలాపేట వైపు పిల్లల్ని సర్కారు బడికి పంపే తల్లులు బస్తీ దవాఖానాలో డాక్టర్ని అడిగే ప్రశ్న ఇది. మారేడ్‌పల్లిలోనో తిరుమలగిరిలోనో ఉంటూ, డబ్బా కట్టి పిల్లల్ని ప్రైవేటు బడికి పంపే తల్లులూ కొంచెం మాటలు మార్చి ఇదే అడుగుతారు: "బాక్సు రోజూ ఖాళీ అయ్యే వస్తోంది. రక్తం మాత్రం తక్కువుందంటున్నారు. ఎందుకని?"

కడుపు నిండటం వేరు, ఒంటికి పట్టడం వేరు అని మన ఇళ్లలో పెద్దవాళ్లకి ఎప్పటినుంచో తెలుసు. ఆ రెండింటికీ మధ్య దూరం ఎంతో, అది పళ్లెంలో సరిగ్గా ఎక్కడ మొదలవుతుందో మాత్రం కొలిచి చూస్తేగాని తేలదు. ఆ కొలతలు వేసిన ప్రయోగశాల సికింద్రాబాద్‌కి దగ్గర్లోనే, తార్నాకలో ఉస్మానియా విశ్వవిద్యాలయం పక్కన ఉంది. అదే జాతీయ పోషకాహార సంస్థ. ఈ అధ్యాయంలో మనం చెప్పుకోబోయే అంకెల్లో చాలావరకు ఆ ప్రాంగణంలో లెక్కకట్టినవే.

పళ్లెంలో లెక్క

బడిలో అన్నం పెట్టాలన్న ఆలోచన పాతదే. 1920లో మద్రాసు కార్పొరేషన్, పిట్టి త్యాగరాయ చెట్టి అధ్యక్షుడిగా ఉన్నప్పుడు, థౌజండ్ లైట్స్ ప్రాంతంలోని ఒక బడిలో పిల్లలకి భోజనం పెట్టేందుకు తీర్మానం చేసింది. ఖర్చు పిల్లకి రోజుకి అణా మించకూడదన్నది షరతు. తర్వాత తమిళనాడులో 1956లో కామరాజ్, 1982లో ఎం.జి. రామచంద్రన్ దాన్ని పెంచుతూ పోయారు. దేశమంతటికీ అది హక్కుగా మారింది మాత్రం 2001 నవంబరు 28న సుప్రీంకోర్టు ఇచ్చిన ఉత్తర్వుతో. ప్రతి ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలో వండిన అన్నమే పెట్టాలని, ఆ పూటకి కనీసం 300 కెలోరీల శక్తి, 8 నుంచి 12 గ్రాముల ప్రొటీన్ అందాలని కోర్టు చెప్పింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2003 జనవరిలో బడుల్లో పొయ్యిలు వెలిగాయి.

ఇప్పటి కొలతలు అంతకంటే మెరుగైనవి. ఒకటి నుంచి అయిదో తరగతి దాకా చదివే పిల్లకి పూటకి 100 గ్రాముల బియ్యం, 20 గ్రాముల పప్పు, 50 గ్రాముల కూరగాయలు, 5 గ్రాముల నూనె. ఆరు నుంచి ఎనిమిదో తరగతి దాకా 150 గ్రాముల బియ్యం, 30 గ్రాముల పప్పు, 75 గ్రాముల కూరగాయలు, ఏడున్నర గ్రాముల నూనె. ఇవన్నీ వండకముందు తూకాలు. వీటివల్ల చిన్న తరగతుల పిల్లకి 450 కెలోరీలు, 12 గ్రాముల ప్రొటీన్. పై తరగతుల పిల్లకి 700 కెలోరీలు, 20 గ్రాముల ప్రొటీన్ అందాలి.

నిజంగా అందుతాయా? లెక్క మనమే వేయవచ్చు. తార్నాక శాస్త్రజ్ఞులు 2017లో 528 రకాల భారతీయ ఆహార పదార్థాలను పరీక్షించి, దేనిలో ఏముందో పట్టికలు ప్రచురించారు. వాటి ప్రకారం 100 గ్రాముల తెల్ల బియ్యంలో సుమారు 355 కెలోరీలు, 8 గ్రాముల ప్రొటీన్. 20 గ్రాముల కందిపప్పులో 65 కెలోరీలు, నాలుగు గ్రాములకి కాస్త పైన ప్రొటీన్. 5 గ్రాముల నూనెతో 45 కెలోరీలు. కూరగాయల వల్ల ఇంకో ఇరవై దాకా. మొత్తం 480కి పైమాటే, ప్రొటీన్ 12 గ్రాములు దాటుతుంది. కాగితం మీద లెక్క సరిపోయింది. ఏడు నుంచి తొమ్మిదేళ్ల పిల్లకి రోజు మొత్తానికి 1,700 కెలోరీలు, 23 గ్రాముల ప్రొటీన్ అవసరమని అదే సంస్థ 2020లో నిర్ణయించింది. అంటే బడిలో ఒక్క పూటే రోజువారీ శక్తిలో నాలుగోవంతుకి మించి, ప్రొటీన్లో సగం ఇవ్వగలదు. పేదింటి బిడ్డకి ఇది చిన్న సంగతి కాదు.

ఇప్పుడు అదే లెక్కను ఇంకోవైపు నుంచి చూద్దాం. పళ్లెంలోని శక్తిలో ముప్పాతిక వంతు దాకా బియ్యానిదే. ప్రొటీన్లో కూడా మూడింట రెండు వంతులు బియ్యం నుంచే వస్తోంది. పప్పుచారు పలచబడి, 20 గ్రాములు పడాల్సినచోట 10 గ్రాములే పడిందనుకోండి. కెలోరీల్లో తగ్గేది ముప్పై పైచిలుకు. రెండు ముద్దల అన్నం ఎక్కువ తింటే అది పూడిపోతుంది. పిల్ల కడుపు నిండుతుంది, ఆకలి తీరుతుంది, కంచం ఖాళీ అవుతుంది. కూరలో కూరగాయ ముక్కలు సగమైనా అంతే. ఆకలికి తెలిసేది శక్తి లెక్క ఒక్కటే. పప్పులో, ఆకుకూరలో, గుడ్డులో ఉండేవి రాకపోయినా అది ఫిర్యాదు చేయదు. ఒళ్లు పట్టకపోవడం, తొందరగా అలసిపోవడం, పాఠం మీద దృష్టి నిలవకపోవడం, మాటిమాటికి జలుబు చేయడం లాంటివన్నీ నెలలు గడిచాక బయటపడతాయి. అప్పటికి ఏ పూట ఏది తగ్గిందో ఎవరికీ గుర్తుండదు.

అందుకే బడి భోజనం మంచిచెడ్డలు తెలుసుకోవాలంటే ఎంత తిన్నారని అడిగితే సరిపోదు. అన్నం పక్కన ఏముందో చూడాలి.

మరువం అయిపోతే దండ ఆగిపోతుంది

బియ్యంలో ఎలాగూ ప్రొటీన్ ఉంది కదా, పప్పు కాస్త తగ్గితే ఏం మునిగిపోతుంది అనే సందేహం రావచ్చు. దీనికి జవాబు ప్రొటీన్ ఎలా తయారవుతుందన్న దానిలో ఉంది.

మోండా మార్కెట్ దగ్గర పూలు కట్టే అమ్మని చూడండి. ఆమె కట్టే కదంబానికి ఒక వరుస ఉంటుంది: ఇన్ని మల్లెలు, ఇన్ని కనకాంబరాలు, నడుమ మరువం. బుట్టలో మల్లెలు గుట్టగా ఉన్నా సరే, మరువం అయిపోయిందంటే ఆ వరుసలో దండ ముందుకి సాగదు. మిగిలిన మల్లెలు సాయంత్రానికి వాడిపోవాల్సిందే. ఒంట్లో ప్రొటీన్ కూడా ఇలాంటి వరుసలోనే తయారవుతుంది. దానిలో గుచ్చే పూలని అమైనో ఆమ్లాలంటారు. మొత్తం ఇరవై రకాలు. వాటిలో తొమ్మిదింటిని మన ఒళ్లు సొంతంగా తయారుచేసుకోలేదు, తిండి నుంచే రావాలి. ఏ ఒక్కటి తగ్గినా మిగిలినవి ఎన్ని ఉన్నా కొత్త కండ, కొత్త రక్తం తయారీ అక్కడికి ఆగుతుంది. మిగిలిపోయిన వాటిని ఒళ్లు దాచుకోదు, కాల్చేసి మూత్రంలో బయటికి పంపేస్తుంది.

బియ్యపు ప్రొటీన్లో కొరత పడే మరువం పేరు లైసిన్. పప్పుల్లో లైసిన్ పుష్కలం, ఇంచుమించు బియ్యపు ప్రొటీన్లో ఉన్నదానికి రెండింతలు. పప్పుల్లో తక్కువ పడే మెథియోనిన్ బియ్యంలో సరిపడా ఉంది. కాబట్టి పప్పన్నంలోని ప్రొటీన్ విలువ, పప్పునీ అన్నాన్నీ విడివిడిగా తింటే వచ్చే విలువ కంటే ఎక్కువ. కిచిడీ, ఇడ్లీ, పెసరట్టు ఉప్మా, పప్పుచారు అన్నం లాంటి మన వంటల్లో ఈ జోడీ తరతరాలుగా స్థిరపడి ఉంది. ఇది కుదరాలంటే పప్పు నిజంగా పప్పులా పడాలి. బియ్యం అయిదు పాళ్లకి పప్పు ఒక పాలు అన్న ప్రభుత్వ కొలతే ఒక మోస్తరుది. పప్పు ఇంకా పలచబడితే బియ్యంలోని 8 గ్రాముల్లో కొంత భాగం వాడుకోకుండానే బయటికి పోతుంది. నష్టం రెండు గ్రాముల పప్పు ప్రొటీన్‌తో ఆగదు.

అలాగని అన్నాన్ని తక్కువ చేయకూడదు. ఈ విషయంలో తార్నాకలో జరిగిన ఒక పరిశోధన ప్రపంచం ఆలోచనను మార్చింది. పేదదేశాల పిల్లలకి ప్రధానంగా ప్రొటీనే కొరవడిందని, ప్రొటీన్ పొడులు పంచితే సరిపోతుందని 1960ల్లో చాలామంది శాస్త్రజ్ఞులు నమ్మేవారు. ఆ రోజుల్లో సంస్థను నడిపిన డాక్టర్ సి. గోపాలన్ దీనితో ఏకీభవించలేదు. ఆయన బృందం హైదరాబాద్ చుట్టుపక్కల పల్లెల్లో చిన్నపిల్లలకి పద్నాలుగు నెలలపాటు రోజూ 310 కెలోరీలు, కేవలం 3 గ్రాముల ప్రొటీన్ ఉన్న తిండి అదనంగా పెట్టింది. పిల్లలు ఎత్తు, బరువు రెండూ పెరిగారు. 1973లో ప్రచురించిన ఈ ఫలితానికి వివరణ ఇది: శక్తి చాలనప్పుడు ఒళ్లు ప్రొటీన్‌ని కూడా కాల్చుకుని బతుకుతుంది, శక్తి అందితే ఉన్న ప్రొటీన్ ఎదుగుదలకి మిగులుతుంది. ఆకలితో ఉన్న బిడ్డకి ముందు అన్నమే. బడి భోజనం ఆ మొదటి మెట్టు ఎక్కించింది. ఇప్పుడు మన చిక్కంతా రెండో మెట్టు దగ్గర.

ఆ మెట్టు ఎక్కించే పదార్థాల్లో గుడ్డుకి సాటి వచ్చేవి తక్కువ. ఒక గుడ్డులో ఆరు గ్రాముల ప్రొటీన్, తొమ్మిది అమైనో ఆమ్లాలూ కావాల్సిన పాళ్లలో ఉంటాయి. మొక్కల నుంచి వచ్చే తిండిలో దొరకని బి12 విటమిన్, ఆకుకూరల్లో కంటే సులువుగా ఒంటబట్టే రూపంలో ఏ విటమిన్ కూడా దానిలో ఉన్నాయి. పైగా గుడ్డుని పలచన చేయడం కుదరదు. పప్పుచారులో నీళ్లు పోయవచ్చు, కూరలో ముక్కలు తగ్గించవచ్చు, పళ్లెంలో గుడ్డు ఉంటే ఉంటుంది, లేకపోతే లేదు. అది ప్రతి తల్లికీ, ప్రతి పిల్లాడికీ కంటికి కనబడుతుంది. తెలంగాణలో వారానికి మూడు గుడ్లు, ఆంధ్రప్రదేశ్‌లో అయిదు పెట్టాలన్నది ప్రభుత్వాల నిర్ణయం. గుడ్డు తినని ఇళ్ల పిల్లలకి పాలో, వేరుశనగ చిక్కీయో, శనగలో దాని స్థానంలో అదే రోజు కచ్చితంగా పడాలి. గుడ్డు తినే పిల్లలకి మాత్రం దాన్ని ఏ కారణంతోనైనా మానిపించడం అన్యాయమని నేను నమ్ముతాను.

ఉన్న ఇనుము ఒంటికి పట్టాలంటే

రక్తం తక్కువ అన్నమాట డాక్టరు నోట వినబడితే దాని అర్థం ఎక్కువసార్లు ఇనుము తక్కువని. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణలో ఆరు నెలల నుంచి అయిదేళ్లలోపు పిల్లల్లో నూటికి 70 మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది. ఇది వేలి చివర పొడిచి తీసిన చుక్కతో చేసిన పరీక్ష. చేతి నరం నుంచి రక్తం తీసి చేసిన సమగ్ర జాతీయ పోషణ సర్వేలో, 2016-18 మధ్య, దేశం మొత్తం మీద అయిదు నుంచి తొమ్మిదేళ్ల పిల్లల్లో ఆ సంఖ్య 24 శాతం. వేలి చుక్క పరీక్ష రక్తహీనతను ఎక్కువ చేసి చూపిస్తుందని శాస్త్రజ్ఞుల్లో వాదన ఉంది. తక్కువ అంకెనే తీసుకున్నా తరగతిలో నలుగురిలో ఒకరన్నమాట.

ఏడెనిమిదేళ్ల పిల్లకి రోజుకి 15 మిల్లీగ్రాముల ఇనుము కావాలి. మన పళ్లెంలో 100 గ్రాముల తెల్ల బియ్యంలో ముప్పాతిక మిల్లీగ్రాము కూడా లేదు. 20 గ్రాముల పప్పులో ఇంకో ముప్పాతిక. రెండూ కలిపి ఒకటిన్నర. కూరలో తోటకూరో, మునగాకో 50 గ్రాములు పడితే ఇంకో రెండు మిల్లీగ్రాములు కలుస్తాయి, అంటే ఒక్క ఆకుకూరతో ఇనుము రెండింతలు దాటుతుంది. అదే సొరకాయో, దోసకాయో అయితే పెద్దగా ఏమీ కలవదు. వారంలో ఆకుకూర పప్పు వండే రోజు ఎందుకంత ముఖ్యమో ఈ లెక్క చెబుతుంది.

పళ్లెంలో ఉన్న ఇనుమంతా రక్తంలోకి చేరదు. గింజల్లో, ఆకుల్లో ఉండే ఇనుములో మామూలుగా పేగులు పీల్చుకునేది పదోవంతు లోపే. ధాన్యాల్లోని ఫైటేట్ అనే పదార్థం, టీలోని వగరు దాన్ని పట్టేసి బయటికి పంపుతాయి. పొద్దున్నే ఛాయ్‌లో బిస్కెట్ ముంచుకుని తిని బడికొచ్చే అలవాటు మన ఊళ్లో చాలామంది పిల్లలకి ఉంది. భోజనానికి ముందూ వెనకా గంటసేపైనా టీ లేకుండా చూడాలి. అసలు ఆ వయసుకి టీ అవసరమే లేదు. పొద్దున ఖాళీ కడుపుతో వచ్చే పిల్లల కోసం 2023 అక్టోబరు 6న తెలంగాణలో ముఖ్యమంత్రి అల్పాహార పథకాన్ని ప్రారంభించినప్పుడు, అందుకు ఎంచుకున్న బడుల్లో సికింద్రాబాద్ వెస్ట్ మారేడ్‌పల్లి ప్రభుత్వ పాఠశాల ఒకటి. ఉప్మా, ఇడ్లీ, కిచిడీ లాంటివి ఛాయ్ బిస్కెట్ స్థానంలోకి వస్తే ఆకలి తీరడంతోపాటు ఆ పూట తిన్న ఇనుము కూడా దక్కుతుంది.

ఇనుముని అడ్డుకునేవి ఉన్నట్టే, దానికి దారిచ్చేదీ ఒకటుంది. అది సి విటమిన్. తార్నాక శాస్త్రజ్ఞులు కౌమార వయసు పిల్లలకి అన్నంతో కూడిన మామూలు భోజనం పెట్టి, దానితో జామపండు ఇచ్చినప్పుడు, ఇవ్వనప్పుడు ఎంత ఇనుము రక్తంలో చేరుతోందో కొలిచారు. జామపండుతో తిన్నప్పుడు ఇనుము గణనీయంగా ఎక్కువ పట్టింది. ఈ ఫలితం 2013లో వెలువడింది. ఖరీదైన మాత్ర కాదు, రైతు బజారులో గంపల్లో దొరికే జామకాయ. అన్నం మీద పిండిన నిమ్మచెక్క, ఉసిరికాయ కూడా అదే పని చేస్తాయి. ఒక్క జాగ్రత్త ఉంది: సి విటమిన్ వేడికి నశిస్తుంది. నిమ్మరసం పొయ్యి మీద మరిగించకూడదు, దించాక పిండాలి. పెద్ద వంటశాలలో తెల్లవారుజామున వండి వ్యాన్లలో బడులకి చేర్చే కూరల్లో, గంటలకొద్దీ వేడిగా ఉంచడం వల్ల ఈ విటమిన్ మిగిలేది స్వల్పం. అలాంటి బడుల్లో పచ్చిగా తినే పండుకి ఇంకా విలువ ఎక్కువ.

ఇంకో దారి, బియ్యంలోనే ఇనుము కలపడం. బియ్యప్పిండికి ఇనుము, ఫోలిక్ ఆమ్లం, బి12 కలిపి గింజ ఆకారంలో చేసి, నూటికి ఒకటి చొప్పున మామూలు బియ్యంలో కలుపుతారు. 2021 తర్వాత దశలవారీగా బడి బియ్యంలో ఇవి వచ్చాయి. నానబెట్టినప్పుడు కొన్ని గింజలు పైకి తేలడం చూసి ప్లాస్టిక్ బియ్యమని భయపడి ఏరి పారేసినవాళ్లు ఉన్నారు. అది ప్లాస్టిక్ కాదు, ఏరి పారేయకండి. తలసీమియా ఉన్న బిడ్డకి మాత్రం ఇనుము విషయంలో డాక్టరు సలహా తప్పనిసరి.

ఈ రకం బియ్యాన్ని తార్నాక బృందం ముందే బడి పిల్లల మధ్యాహ్న భోజనంలో పరీక్షించింది. ఎనిమిది నెలలపాటు కొందరికి ఇనుము బియ్యం, కొందరికి చూడటానికి అలాగే ఉన్న మామూలు బియ్యం వండిపెట్టారు. ఎవరికి ఏది వెళ్తోందో పిల్లలకీ, పరీక్షించేవాళ్లకీ తెలియదు. 2011లో ప్రచురించిన ఫలితాలు ఇవి: ఇనుము బియ్యం తిన్నవాళ్ల ఒంట్లో ఇనుము నిల్వలు పెరిగాయి. రక్తంలోని హిమోగ్లోబిన్ మాత్రం రెండు గుంపుల్లోనూ దాదాపు ఒకేలా మెరుగైంది. దీన్ని నేను చాలా విలువైన ఫలితంగా చూస్తాను. ఇనుము కలిపిన బియ్యం పనిచేస్తుంది, నిల్వలు నింపుతుంది. రక్తం తయారుకావడానికి మాత్రం ఇనుముతోపాటు ప్రొటీన్, ఫోలిక్ ఆమ్లం, బి12, ఏ విటమిన్ అన్నీ కావాలి. బియ్యంలో ఏదో కలిపేశాం కనుక ఆకుకూర, గుడ్డు తగ్గినా పరవాలేదనుకుంటే పొరపాటు.

సన్నబియ్యం సంగతి

2015 జనవరి నుంచి తెలంగాణ బడుల్లో సన్నబియ్యం పెడుతున్నారు. అంతకుముందు ముక్కిపోయిన దొడ్డుబియ్యం అన్నాన్ని పిల్లలు సగం వదిలేసిన రోజులున్నాయి. పారేసిన అన్నంలో ఎంత పోషకం ఉంటే ఏం లాభం? రుచిగా ఉంటేనే పిల్లలు తింటారు, అందుకని ఇది మంచి నిర్ణయమే.

అయితే సన్నబియ్యమైనా దొడ్డుబియ్యమైనా తెల్లగా మెరిసేదాకా పాలిష్ పడితే తవుడుతోపాటు బి1 విటమిన్ పోతుంది. ఇది మన తెలుగు నేల మీద ఒకప్పుడు ప్రాణాలు తీసిన విషయం. వంద ఏళ్ల కిందట కోస్తా జిల్లాల్లో బెరిబెరి జబ్బు ప్రబలంగా ఉండేది. కాళ్లు వాచి, నరాలు చచ్చుబడి, గుండె బలహీనపడి మనుషులు పోయేవారు. ఉప్పుడు బియ్యం తినే ప్రాంతాల్లో ఆ జబ్బు కనబడేది కాదు, మర పట్టిన పచ్చి బియ్యం తినేచోట కనబడేది. వడ్లని ఉడకబెట్టినప్పుడు విటమిన్ గింజ లోపలికి ఇంకడమే తేడాకి కారణం. తార్నాక సంస్థ పుట్టింది కూడా ఈ జబ్బు గుట్టు తేల్చడానికే. 1918లో కూనూరులో డాక్టర్ రాబర్ట్ మెక్‌కారిసన్ బెరిబెరి మీద పరిశోధన కోసం పెట్టిన చిన్న ప్రయోగశాలే పెరిగి పెద్దదై 1958లో హైదరాబాద్‌కి వచ్చింది. ఇప్పుడు పప్పులు, కూరగాయలు తోడుండటం వల్ల బెరిబెరి దాదాపు వినబడదు. అన్నం పక్కన ఉన్నవే ఆ రోగాన్ని ఆపుతున్నాయి. బియ్యాన్ని నాలుగైదుసార్లు పిసికి కడగడం, గంజి వార్చి పారబోయడం మానితే మిగిలిన కాస్త విటమిన్ కూడా నిలుస్తుంది.

వారంలో ఒకటి రెండు పూటలు బియ్యం స్థానంలో చిరుధాన్యాలు వస్తే ఇంకా బాగు. రాగుల్లో 100 గ్రాములకి 364 మిల్లీగ్రాముల కాల్షియం ఉంది, తెల్ల బియ్యంలో పది కూడా లేదు. సజ్జల్లో ఇనుము బియ్యంలో ఉన్నదానికి దాదాపు పది రెట్లు. ఆంధ్రప్రదేశ్ బడుల్లో 2023 మార్చిలో రాగిజావ మొదలైంది. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ శాస్త్రజ్ఞులు కర్ణాటకలో బడి పిల్లలకి మూడు నెలలు చిరుధాన్యాల భోజనం పెట్టి చూసినప్పుడు ఎదుగుదల మెరుగుపడింది, పిల్లలు ఇష్టంగానే తిన్నారు. రాగిముద్దలు పెడితే పిల్లలు తినరేమోగాని, రాగి ఇడ్లీ, సజ్జ కిచిడీ వదలరు.

ఇంటి నుంచి వచ్చే డబ్బా

బడి భోజనంలో కొలతలైనా ఉన్నాయి. ప్రైవేటు బడికి వెళ్లే పిల్లల డబ్బాకి ఏ కొలతా లేదు. పొద్దున ఏడింటికి బస్సు, ఆరింటికే డబ్బా కట్టాలి, చల్లారినా పిల్ల తినాలి, కారకూడదు. ఈ ఇరుకులో తల్లి చేతికి తేలిగ్గా దొరికేవి నిమ్మకాయ పులిహోర, టమాటా రైస్, జీరా రైస్, నూడుల్స్, బ్రెడ్డు జామ్. వీటిలో చాలావాటిలో పప్పు ఉండదు, ఆకుకూర ఉండదు. మన లెక్క ప్రకారం చూస్తే ఒక మంచి బస్తీ బడిలో పప్పు, కూర, గుడ్డు పడిన పళ్లెం, అయిదారు వేల రూపాయల ఫీజు కట్టే బడిలో పిల్ల తెరిచే జీరా రైస్ డబ్బా కంటే ఎన్నో మెట్లు పైన ఉంటుంది.

డబ్బాని బాగుచేయడానికి పెద్ద కష్టపడనక్కరలేదు. పులిహోరలో గుప్పెడు వేరుశనగపప్పు వేస్తే చాలు: 20 గ్రాముల పల్లీల్లో నాలుగున్నర గ్రాములకి పైన ప్రొటీన్ ఉంది, సర్కారు కొలతలోని పప్పుకి అది సమానం. టమాటా రైస్‌లో ఉడికించిన శనగలు, రాత్రి నానబెట్టినవి. కూరన్నంలో మెంతికూర, పాలకూర. పక్కన చిన్న డబ్బాలో ఉడికించిన గుడ్డు, నాలుగు జామ ముక్కలు. నూనెకి భయపడి పూర్తిగా మానేయకండి. ఆకుకూరలోని ఏ విటమిన్ మూలపదార్థం కరిగేది నూనెలోనే, చెంచాడు తాలింపు లేకపోతే అది పేగుల్లోంచి అలాగే వెళ్లిపోతుంది.

గేటు బయట చిప్స్, కూల్‌డ్రింకుల సంగతికి చట్టం ఉంది. కొవ్వు, ఉప్పు, చక్కెర ఎక్కువగా ఉన్న తిండి బడి ఆవరణలోనూ, గేటు నుంచి 50 మీటర్ల దూరంలోనూ పిల్లలకి అమ్మకూడదని ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ 2020లో నిబంధన తెచ్చింది. బడి సమావేశాల్లో తల్లిదండ్రులు గుర్తుచేయాల్సిన నిబంధన ఇది.

బడిలో తింటే ఇంట్లో తగ్గిస్తారా?

ఇది అందరికీ వచ్చే అనుమానం. బడిలో పెడుతున్నారు కదా అని ఇంట్లో ఆ మేరకు తగ్గిస్తే పిల్లకి ఒరిగేదేముంది? ఫర్జానా అఫ్రిది అనే ఆర్థికవేత్త మధ్యప్రదేశ్‌లో పిల్లలు రోజంతా ఏం తిన్నారో లెక్కగట్టి ఈ ప్రశ్నకి జవాబు వెతికారు. ఇంట్లో తగ్గించడం దాదాపు కనబడలేదు. బడి భోజనం వల్ల పిల్లల ప్రొటీన్ లోటు పూర్తిగా తీరింది, కెలోరీల లోటు సుమారు 30 శాతం తగ్గింది. ఇనుము లోటు మాత్రం పది శాతం దగ్గరే ఆగింది. 2010లో వెలువడిన ఈ అంకెల్లో మన కథంతా ఉంది: అన్నం పప్పు చేయగలిగింది చేశాయి, ఆకుకూరలు, పండ్లు చేయాల్సింది మిగిలిపోయింది.

మన దగ్గర నుంచి ఇంకా బలమైన సాక్ష్యం ఉంది. యంగ్ లైవ్స్ అనే అధ్యయనం 2002 నుంచి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వేలమంది పిల్లల్ని ఏళ్ల తరబడి గమనిస్తూ వచ్చింది. అవి కరువు రోజులు. కరువు తాకిన ఇళ్లలో పసిపిల్లల ఎదుగుదల కుంటుపడింది. ఆ లెక్కలను పరిశీలించిన అభిజీత్ సింగ్, ఆల్బర్ట్ పార్క్, స్టెఫాన్ డెర్కన్ బడి భోజనం అందిన పిల్లలు ఆ దెబ్బ నుంచి కోలుకున్నారని 2014లో రాశారు. పసితనంలో ఎదుగుదల ఆగితే ఇక అంతే అని నమ్మే రోజుల్లో ఇది పెద్ద ఊరట. ఇక 2021లో వచ్చిన మరో పరిశోధన ఒక తరం దాటి చూసింది. చిన్నప్పుడు బడి భోజనం అందిన అమ్మాయిలు పెద్దయ్యాక తల్లులైతే, వాళ్ల పిల్లలు ఎత్తులో మెరుగ్గా ఉన్నారు.

బియ్యం ఉచితం, పప్పు అరువు

ఇంత తెలిసీ అన్నం పక్కన ఉండాల్సినవి ఎందుకు పలచబడతాయి? బియ్యం ప్రభుత్వ గోదాము నుంచి ఉచితంగా వస్తుంది. పప్పు, కూరగాయలు, నూనె, పోపు సామాను, గ్యాసు మాత్రం వంటవాళ్లు కొనాలి. అందుకు కేంద్రం 60, రాష్ట్రం 40 పాళ్లలో కలిసి ఇచ్చే డబ్బు, 2025 మే నుంచి చిన్న తరగతుల పిల్లకి పూటకి 6 రూపాయల 78 పైసలు, పై తరగతుల పిల్లకి 10 రూపాయల 17 పైసలు. ధర పెరిగితే ఆ భారం పడేది బియ్యం మీద కాదు. ఒంటికి పట్టే ప్రతి పదార్థమూ ఈ ఆరు నుంచి పది రూపాయల్లోనే ఇమడాలి.

వంద మంది చిన్నపిల్లలున్న బడిని తీసుకుందాం. రోజుకి 678 రూపాయలు. కిలో కందిపప్పు 140 రూపాయలనుకుంటే రెండు కిలోలకి 280. కూరగాయలు కిలో నలభై అనుకుంటే అయిదు కిలోలకి 200. అరకిలో నూనెకి 75. మిగిలిన 123 రూపాయల్లో వంద మందికి ఉప్పు, కారం, చింతపండు, గ్యాసు అన్నీ చూసుకోవాలి. కూరగాయలు నలభైకి దొరికే రోజుల లెక్క ఇది. 2023 జులైలో టమాటా కిలో 150 దాటినప్పుడు ఈ లెక్క ఏమైపోయి ఉంటుందో ఊహించండి. పైగా బిల్లు నెలల తర్వాత వస్తే కిరాణా కొట్టులో అరువు పెరుగుతుంది, కొట్టువాడు పప్పు ఇవ్వడం తగ్గిస్తాడు, చారు పలచబడుతుంది. వండే ఆడవాళ్లకి కేంద్రం లెక్కలో గౌరవ వేతనం నెలకి 1,000 రూపాయలు, 2009 నుంచి అదే. రాష్ట్రాలు తమ వంతు కలుపుతున్నాయి. పప్పు పలచబడటానికి ఆ వంటమ్మని తప్పుపట్టడం ఎంత తేలికో అంత అన్యాయం.

పప్పు, కూరగాయల డబ్బు మార్కెట్ ధరతో పాటు ప్రతి ఆరు నెలలకీ దానంతటదే పెరిగేలా ఉండాలి, బిల్లు నెల తిరగకముందే రావాలి, గుడ్డు ధరకి తగ్గట్టు గుడ్డు డబ్బు ఉండాలి. తల్లిదండ్రుల చేతిలో ఉన్నది ఇంకోటి ఉంది. పాఠశాల యాజమాన్య కమిటీలో వాళ్లు సభ్యులు, భోజనం నాణ్యతను చూడాల్సిన బాధ్యత 2015 నిబంధనల ప్రకారం ఆ కమిటీదే. వంట మొదలయ్యే వేళకి ఒక తల్లి వంటగదికి వెళ్లి హాజరు పట్టిక చూసి, వంద మంది ఉంటే రెండు కిలోల పప్పు, అయిదు కిలోల కూరగాయలు, అరకిలో నూనె ఉన్నాయో లేవో తూకం వేసి చూడవచ్చు. లేకపోతే, బిల్లు ఎన్ని నెలల నుంచి రాలేదని వంటమ్మని అడిగి, ఆ జవాబుని కమిటీ పుస్తకంలో రాయించి, ప్రధానోపాధ్యాయుడి సంతకంతో మండల విద్యాధికారికి పంపవచ్చు.